తుడిచిన జాడలు మరల దొరకునా?

ఇచ్చోడ విద్యార్థి యొకడు, 1940వ దశకమున మార్లవాయి గ్రామమందు హైమెన్‌డార్ఫు పండితుడు గోండు బాలురకై జరిపిన విద్యాకృషినిగూర్చి వ్యాసము వ్రాయబూని, పది దినములు ఇంటి కంప్యూటరున వెదకి పెక్కు పుటలు చదివెననుకొందము. ఒకనాడు తమ్ముడు తెలియక బ్రౌజరులోని హిస్టరీని తుడిచివేసెను. చదివిన పుటల చిరునామాలన్నియు పోయెను. ఇప్పుడు దిక్కేమి?

హిస్టరీ యనగా బ్రౌజరు వ్రాసికొను దినచర్య పుస్తకము. మనము చూచిన ప్రతి పుట యొక్క పేరును, చిరునామాను, చూచిన వేళను అది డిస్కుమీద నొక ఫైలులో వ్రాసియుంచును. గూగుల్ క్రోము 90 దినములు దాటిన వానిని తనంతట తానే తీసివేయును. కావున అంతకంటె పాతవానిని అందు వెదకుట వ్యర్థము.

ఇక తుడుచుట యననేమి? మన గ్రంథాలయమున ఒక పుస్తకపు పేరును పట్టికనుండి కొట్టివేసినంతమాత్రమున ఆ పుస్తకము బీరువానుండి మాయమగునా? ఆ చోట మరియొక పుస్తకము పెట్టువరకు అది యచటనే యుండును. హార్డుడిస్కుమీద ఫైలు సంగతియు నట్టిదే. కావున వెంటనే కంప్యూటరు వాడుక మానవలెను. క్రొత్త ప్రోగ్రాములు ఎక్కింపరాదు. అయితే నేటి ఎస్.ఎస్.డి. డిస్కులు ఖాళీయైన చోటులను తామే శుభ్రపరచుకొనును. కొన్ని బ్రౌజరులు తుడిచిన పంక్తులను సున్నలతో నింపును. అట్టిచో ఎంతటి సాధనమునకును అవి చిక్కవు. కావున "తప్పక తెచ్చియిత్తుము" అను ప్రకటనలను నమ్మి ధనము పోగొట్టుకొనకుడు.

అంతకుముందే సులభమార్గములు చూడవలయును. గూగుల్ ఖాతాతో వెదకియున్నచో, ఆ ఖాతాలోని "మై యాక్టివిటీ" యందు వెదకిన మాటలు మిగిలియుండవచ్చును. విండోసులో "ఫైల్ హిస్టరీ" ముందే అమర్చియుండినచో, బ్రౌజరును మూసి దాని ఫోల్డరు యొక్క పాతప్రతిని తెచ్చుకొనవచ్చును. డౌన్‌లోడ్ల జాబితాయు, గుర్తుపెట్టుకొన్న పుటలును కొంత తోడ్పడును. డి.ఎన్.ఎస్. జ్ఞాపకమున సైట్ల పేర్లు మాత్రమే కనబడును. కంప్యూటరు నార్పి మరల వెలిగించిన నవియు నుండవు. రహస్య కిటికీలో చూచినవి, కిటికీ మూసినపిదప, హిస్టరీలో నిలువనే నిలువవు.

హైదరాబాదులోని కేంద్ర న్యాయవైజ్ఞానిక ప్రయోగశాల వంటి చోటులందు నిపుణులు అసలు డిస్కును ముట్టక, దాని యథాతథప్రతిని తీసి దానినే పరీక్షింతురు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టముతో ఇట్టి లేఖనములు న్యాయస్థానమున సాక్ష్యముగా చెల్లుచున్నవి. కావున తుడిచితిమిగదా యని తప్పుచేయువాడు ధైర్యము పూనరాదు. అట్లే ఇతరుల దినచర్యను వారి యనుమతి లేక వెదకుటయు తప్పే.

ప్రియ విద్యార్థులారా! ఆ బాలునికి కొన్ని పుటలు దొరకవచ్చును, కొన్ని దొరకకపోవచ్చును. చదివిననాడే పుట పేరును, చిరునామాను, తేదీని నోటుపుస్తకమున వ్రాసికొనియున్నచో నతనికీ చింతయే లేకుండెడిది. యంత్రము మరచినను సిరా మరువదు.