సవతితల్లి, మారుతల్లి, పిన్ని

తల్లి పోయిన ఇంటికి తండ్రి రెండో భార్య వస్తే పిల్లలు ఆమెను ఏమని పిలవాలి? తెలుగిళ్లలో దీనికి చాలాకాలంగా ఉన్న జవాబు 'పిన్ని'. తల్లి చెల్లెలూ పిన్నే, చిన్నాన్న భార్యా పిన్నే. కొత్తగా వచ్చినామెను, పిల్లలకు ముందే అలవాటైన వరసతో ఇంట్లో కలుపుకుంటున్నాం. తమిళంలో 'చిత్తి', కన్నడంలో 'చిక్కమ్మ' కూడా ఇలాగే ఉపయోగపడతాయి.

ఎదుట పిలిచే మాట ఇదైతే, చాటున చెప్పే మాట వేరు: మారుతల్లి, సవతితల్లి. 'సవతి' సంస్కృత 'సపత్ని' నుంచి వచ్చింది. ఒకే భర్తకు మరో భార్య అని అర్థం. మరాఠీ 'సావత్ర ఆయీ', ఒడియా 'సావత మా' కూడా ఈ కోవలోవే. ఒక భార్య ఉండగా మరొకరిని పెళ్లాడడాన్ని 1955 నాటి హిందూ వివాహ చట్టం నిషేధించింది. అయినా సవతుల పోరు మాటలో మిగిలిపోయింది. పక్షపాతాన్ని మనం 'సవతితల్లి ప్రేమ' అంటాం. కన్నడ పత్రికలు 'మలతాయి ధోరణె' అంటాయి. తంజావూరు ఆస్థానకవి చేమకూర వేంకటకవి కావ్యంగా చెప్పిన సారంగధరుని కథలో చిత్రాంగి కూడా ఈ ముద్రను బలపరిచింది. పిల్లలను ఆదరంగా పెంచిన ఎందరో పిన్నులు ఈ మాటల కింద నలిగారు.

వరస కలిసినంత తేలిగ్గా హక్కు కలవదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా తండ్రి పోతే ఆయన స్వార్జితంలో మొదటి భార్య పిల్లలకూ రెండో భార్య పిల్లలకూ సమాన వాటా ఉంటుంది. కాని పిన్ని ఆస్తికి ఆమె కన్నబిడ్డలే ముందు వారసులు. ఆ సెక్షన్‌లోని 'కొడుకులు' అన్న మాటలోకి సవతి కొడుకు రాడని సుప్రీంకోర్టు 1987లో తేల్చింది. తల్లి వెంట వచ్చిన పిల్లలకు మారుతండ్రి ఆస్తిలో కొడుకులుగా, కూతుళ్లుగా వాటా రాదు. మరోవైపు, సంతానంలేని వితంతువైన సవతితల్లి సవతి కొడుకు నుంచి భరణం కోరవచ్చని 1996లో అదే న్యాయస్థానం చెప్పింది.

ఇరవై ఏళ్లు పిన్ని చేతి అన్నం తిన్న బిడ్డకు ఈ సంగతి పంపకాల నాడు తెలిస్తే కష్టం. అందరూ తన బిడ్డలే అనుకునే పెద్దలు ముందుగానే వీలునామా రాయడం మంచిది.

హోసూరులోనో బరంపురంలోనో ఉన్న విద్యార్థులు తమ ఇళ్లలో ఈ వరసలకు ఏ మాటలు వాడుతున్నారో అడిగి రాసుకోవాలి. ఎదుట పిలిచే మాటను, చాటున చెప్పే మాటను వేరువేరుగా గుర్తించాలి.