రొమ్ములో గడ్డ: శస్త్రచికిత్సకు ముందు తెలియవలసినది

స్నానము చేయునపుడు చేతికి చిన్న గడ్డ తగిలినంతనే స్త్రీ మనస్సున మెదలునది రాచపుండు, అనగా కాన్సరు, అను భయమే. భారతదేశమున స్త్రీలకు వచ్చు కాన్సరులలో రొమ్ము కాన్సరుదే ప్రథమ స్థానమగుటచే ఆ భయము నిరాధారమని చెప్పరాదు. అయినను రొమ్మున తగులు గడ్డలలో పెక్కు కాన్సరు కావు. అట్టి వానిలో కవలపిల్లల వలె నుండు రెండు కంతులు గలవు. కత్తి పట్టుటకు ముందే వానిని వేరుపఱచుట అనుభవజ్ఞుడైన వైద్యునకును సులభము కాదు.

మొదటిది ఫైబ్రోఅడినోమా. ఇది సాధారణముగ 15 మొదలు 35 ఏండ్ల లోపు స్త్రీలలో కనిపించును. గుండ్రముగను, నునుపుగను ఉండును, నొప్పి యుండదు, వ్రేలితో నొక్కిన ప్రక్కకు జారిపోవును. అందుచేతనే వైద్యులు దీనికి ‘రొమ్ములోని ఎలుక’ అని ముద్దుపేరు పెట్టిరి. చాలవఱకు రెండు మూడు సెంటీమీటర్లకు మించి పెరుగదు.

రెండవది ఫిలోడీస్ కంతి. గ్రీకు భాషలో ఆకును తెలుపు పదము నుండి ఈ పేరు వచ్చినది. కోసి చూచినచో అడ్డముగ తఱిగిన కాబేజీ వలె లోపల మడతలు కనిపించును. 1838లో జర్మను శాస్త్రజ్ఞుడు యోహానెస్ ముల్లర్ దీనికి ‘సిస్టోసార్కోమా ఫిలోడీస్’ అని పేరిడెను. సార్కోమా యనగా ప్రాణాంతకమైన కంతి యని అర్థము వచ్చును. కాని వీనిలో అధిక భాగము ప్రాణాంతకములు కావు. అనవసరముగ భయపెట్టు ఆ పేరును తరువాతి వైద్యులు విడిచిపెట్టుట మంచిదే. రొమ్ము కంతులలో ఇవి నూటికి ఒకటి కంటె తక్కువ. నలుబది ఏండ్ల ప్రాయమున ఎక్కువగ వచ్చును. కొన్ని నెలలలోనే నిమ్మకాయంత గడ్డ మారేడుకాయంత కావచ్చును. చర్మము బిగిసి మెఱయుచు, నీలి నరములు పైకి తేలును. అంత పెరిగిన పిదప పోల్చుట కష్టము కాదు. చిక్కంతయు అది చిన్నదిగ నున్నప్పుడే.

పొరపాటు పడినచో నష్టము ఇరువైపులను గలదు. ఫైబ్రోఅడినోమా యని నిశ్చయమైనచో దానిని తీయకయే గమనించుచుండవచ్చును. తీసినను పనసతొన నుండి గింజను తీసినట్లు తీసిన చాలును. ఫిలోడీస్ కంతిని అట్లు తీయరాదు. అది చుట్టునున్న కండలోనికి సన్నని కొనలు చాచియుండును గనుక, కొంత మంచి కండతో కూడ తొలగింపవలెను. లేనిచో మరల పెరిగి రెండవ శస్త్రచికిత్స తప్పకపోవచ్చును. దీనికి మాఱుగ, పెండ్లి కాని పిల్లకు మామూలు గడ్డనే ఫిలోడీస్ యని తలచి పెద్ద కోత పెట్టుటయు అన్యాయమే.

కావున వైద్యుడు చేతితో పరీక్షించి, అల్ట్రాసౌండు తీయించి, పిదప సూదిపరీక్ష జరిపించును. అల్ట్రాసౌండులో గడ్డ నడుమ నీటి చీలికలు కనిపించినచో ఫిలోడీస్ యని అనుమానింతురు. అయినను అది అనుమానము మాత్రమే. సన్నని సూదితో పీల్చిన కణములు విడివిడిగ వచ్చును గాన వాని అమరిక తెలియదు. లావు సూదితో కండముక్కను తీయు కోర్ బయాప్సీ మేలైనది. కణముల మధ్యనుండు కండ ఎంత దట్టముగ నున్నది, కణములు ఎంత వేగముగ విభజన చెందుచున్నవి యను విషయములు దానియందు తెలియును. కాని ఒకే కంతిలో ఒక మూల ఒక విధముగను, వేఱొక మూల మఱియొక విధముగను ఉండవచ్చును. అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచు పద్ధతి ఇచ్చట పూర్తిగ చెల్లదు. సందేహము తీరనిచో, గడ్డ పెరుగుచున్నచో, దానిని సమూలముగ తీసి పరీక్షించుటయే మార్గము. ఫిలోడీస్ యని తేలినను సంకలోని గ్రంథులను తీయవలసిన అవసరము సాధారణముగ కలుగదు.

30 మొదలు 65 ఏండ్ల స్త్రీలకు ఐదేండ్లకొకసారి రొమ్ము పరీక్ష జరుపవలెనని 2016లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ మార్గదర్శకములను వెలువరించినది. గడ్డ తగిలిన స్త్రీ, వయస్సు ఏదైనను, ఆ పరీక్షకై వేచియుండక వైద్యుని చూడవలెను. గడ్డ ఎప్పుడు తగిలినది, ఎంత కాలములో ఎంత పెరిగినది, పూర్వము అదే చోట గడ్డను తీసిరా యను సంగతులు దాపరికము లేక చెప్పవలెను. ఫిలోడీస్ కంతి మరల వచ్చుట తొలి రెండు మూడు సంవత్సరములలోనే అధికము గనుక, పాత బయాప్సీ కాగితములను భద్రపఱచి, ప్రతి పర్యాయము వెంట తీసికొని పోవలెను.