“కన్సిస్ట్స్ ఆఫ్” ఎప్పుడు రాయాలి?

గాలిలో ఏమేం ఉన్నాయని ఇంగ్లీషులో అడిగితే, చాలామంది పిల్లలు “ఎయిర్ ఈజ్ కన్సిస్టెడ్ ఆఫ్ నైట్రోజన్ అండ్ ఆక్సిజన్” అని రాస్తారు. ఈ ఒక్క వాక్యంలో తప్పులు రెండున్నాయి. ఒకటి వ్యాకరణానిది, రెండోది సైన్సుది.

మొదటిది తేలిక. “కన్సిస్ట్” అకర్మక క్రియ. దానికి కర్మణి ప్రయోగం లేదు. తెలుగులో “నేను నిద్రపోబడ్డాను” అంటే ఎలా ఉంటుందో, “ఈజ్ కన్సిస్టెడ్” అన్నా అలాగే ఉంటుంది. “ఈజ్ కంపోజ్డ్ ఆఫ్”, “ఈజ్ మేడ్ అప్ ఆఫ్” అనేవి ఒప్పే. అవి చెవిలో ఉండబట్టే ఆ “ఈజ్” ఇక్కడికీ వచ్చి చేరుతోంది. “ఈజ్ కన్సిస్టింగ్ ఆఫ్” అనీ రాయకండి. గాలిలో వాయువులుండటం ఈ క్షణాన జరుగుతున్న పని కాదు కదా!

ఇక రెండోది. “కన్సిస్ట్స్ ఆఫ్” తర్వాత ఇచ్చేది పూర్తి జాబితా. కొన్నిటినే చెప్పదలిస్తే “కన్‌టెయిన్స్” అనాలి. తెలుగులో రెంటికీ “ఉన్నాయి” అనే సరిపెట్టుకుంటాం. అందుకే ఈ తికమక.

ఈ తేడా చిన్నదేం కాదు. గాలి అంటే నత్రజని, ఆమ్లజని, కాస్త బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి అనీ, జాబితా అక్కడితో సరి అనీ ఒకప్పుడు శాస్త్రజ్ఞులే అనుకున్నారు. ఇంగ్లండులో లార్డ్ రాలే నత్రజనిని తూచి చూశాడు. గాలినుంచి తీసిన నత్రజని లీటరు 1.2572 గ్రాములు తూగింది. అమ్మోనియావంటి పదార్థాలనుంచి తీసినదేమో 1.2505 గ్రాములే! తేడా ఏడు మిల్లీగ్రాములైనా లేదు. తూకంలో పొరపాటనుకుని ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. విలియం రామ్సే గాలినుంచి తీసిన నత్రజనిని బాగా వేడిచేసిన మెగ్నీషియం మీదుగా పదేపదే పంపాడు. మెగ్నీషియం నత్రజనిని పట్టేసుకుంది. కొద్దిగా వాయువు మాత్రం దేనితోనూ కలవకుండా మిగిలిపోయింది. 1894లో బయటపడిన ఆ వాయువే ఆర్గాన్. గ్రీకుభాషలో “సోమరి” అని అర్థం! 1904లో రాలేకు భౌతికశాస్త్రంలో, రామ్సేకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి.

పొడిగాలి ఘనపరిమాణంలో సుమారు 78 శాతం నత్రజని, 21 శాతం ఆమ్లజని, 0.93 శాతం ఆర్గాన్. బొగ్గుపులుసు వాయువు 0.04 శాతమే. అంటే అందరికీ తెలిసిన బొగ్గుపులుసు వాయువుకంటే ఈ సోమరే ఇరవై రెట్లకు పైగా ఉందన్నమాట!

కాబట్టి “ఎయిర్ కన్‌టెయిన్స్ నైట్రోజన్ అండ్ ఆక్సిజన్” అన్న వాక్యం 1894కు ముందూ నిజమే, ఇప్పుడూ నిజమే. “కన్సిస్ట్స్ ఆఫ్” అనే రాయాలనుకుంటే, “డ్రై ఎయిర్ కన్సిస్ట్స్ ఆఫ్ నైట్రోజన్, ఆక్సిజన్, ఆర్గాన్ అండ్ స్మాల్ అమౌంట్స్ ఆఫ్ అదర్ గ్యాసెస్” అని రాయండి. నియాన్, హీలియంవంటివన్నీ ఆ చివరి మాటల్లో ఇమిడిపోతాయి.