రెండు ఊళ్ళు కలిసిన పేరు

పిల్లలూ! మన సైన్యంలో పనిచేసిన పెద్దవారిని అడిగితే ‘బ్రెన్’ అనే మరతుపాకి పేరు చెబుతారు. మీట నొక్కి పట్టుకుంటే వరసగా కాలే తుపాకిని మరతుపాకి అంటారు. బ్రెన్ అనేది మనిషి పేరు కాదు. రెండు ఊళ్ళ పేర్లు సంధి కలిసినట్టు కలిసి అయిన పేరు. వాటిలో మొదటి ఊరు బ్ర్నో. దాని కథ వినండి.

1918లో మొదటి ప్రపంచయుద్ధం ముగిసింది. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం ముక్కలై, చెకొస్లొవేకియా అనే కొత్త దేశం పుట్టింది. ఆ దేశపు సైనికుల చేతుల్లో ఉన్నవి రకరకాల పాత తుపాకులు. ఒకదాని తూటా మరొకదానికి పట్టదు. పక్కవాడి సంచీ నిండా తూటాలున్నా మన తుపాకి ఊరికే ఉండవలసిందే!

అందుచేత ఆ దేశంవారు తుపాకులకూ, తేలిక మరతుపాకులకూ ఒకే కొలత తూటాను, అంటే 7.92 మిల్లీమీటర్లదాన్ని, ఎంచుకున్నారు. వాత్స్లావ్ హోలెక్ అనే నిపుణుడు రూపొందించిన తేలిక మరతుపాకిని 1926లో సైన్యం స్వీకరించింది. అది బ్ర్నో కర్మాగారంలో తయారయింది. బరువు సుమారు 9 కిలోలు. ఒక్కడే మోసుకుపోవచ్చు.

అది ఎలా పనిచేస్తుంది? మందు కాలినప్పుడు పుట్టే వాయువు గుండును ముందుకు తోస్తుంది. ఆ వాయువులో కొంత, గొట్టానికున్న చిన్న రంధ్రం గుండా పోయి ఒక పిస్టన్‌ను వెనక్కు నెడుతుంది. ఖాళీ తూటా బయటపడుతుంది. వెంటనే స్ప్రింగు కొత్త తూటాను లోపలికి తోస్తుంది. ఎడతెగకుండా కాలిస్తే గొట్టం కాగిపోతుంది కదా! అప్పుడు ఆ గొట్టాన్నే ఊడదీసి, కొన్ని క్షణాలలో మరొకటి తగిలించవచ్చు.

చైనా, ఇరాన్, రుమేనియా వంటి దేశాలు బ్ర్నో ఆయుధాలు కొన్నాయి. బ్రిటన్ కూడా పరీక్షించి మెచ్చుకుని, తన తూటాకు తగినట్టు మార్పించుకుంది. బ్రిటిష్ తూటా అడుగు అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. అలాంటివాటిని దొంతరగా పేరిస్తే వరస వంగుతుంది. అందుకే బ్రెన్ తూటాల పెట్టె అరటిపండులా వంగి ఉంటుంది! 1937లో ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్‌లో దాని తయారీ మొదలయింది. బ్ర్నోలోని ‘బ్ర్’, ఎన్‌ఫీల్డ్‌లోని ‘ఎన్’ కలిసి ‘బ్రెన్’ అయింది. రెండవ ప్రపంచయుద్ధంలో బర్మాలోనూ, ఇటలీలోనూ మన భారత సైనికులు మోసింది ఈ తుపాకినే.

ఇక ఆ తుపాకిని కన్న దేశం ఏమయింది?

1938 సెప్టెంబరులో మ్యూనిక్ నగరంలో జర్మనీ, ఇటలీ, బ్రిటన్, ఫ్రాన్సు నాయకులు కూడి, చెకొస్లొవేకియా సరిహద్దు ప్రాంతాలను హిట్లరుకు ఇప్పించారు. ఆ చర్చలలో ఆ దేశంవారిని కూర్చోనివ్వనైనా లేదు. కొండలలో కట్టుకున్న కోటలు చాలావరకు పోయాయి. 1939 మార్చి 14 సాయంత్రం జర్మన్ సేనలు మీస్టెక్ అనే ఊళ్ళోకి వచ్చినప్పుడు, కెప్టెన్ కరెల్ పావ్లీక్ దళం మాత్రం సుమారు అరగంట ఎదిరించింది. మర్నాడు తక్కిన చెక్ ప్రాంతం పోరు లేకుండానే జర్మనీ వశమయింది. బ్ర్నో కర్మాగారమూ, దేశాన్ని కాపాడడానికి చేసుకున్న ఆయుధాలూ శత్రువు చేతికే చిక్కాయి. తరువాత జరిగిన యుద్ధంలో హోలెక్ తుపాకి రెండు పక్షాలలోనూ మ్రోగింది.

చూశారా, పిల్లలూ! నేర్పుగల పనివాడు గొప్ప ఆయుధం చేయగలడు. కాని అది ఎవరి చేతిలో ఉండాలో అతడు నిర్ణయించలేడు. ఒక చిన్న దేశాన్ని నిలబెట్టడానికి ఆయుధం ఒక్కటే చాలదు. మాట తప్పని స్నేహితులు కూడా కావాలి.

అట్లాసు తెరిచి, ఇప్పటి చెక్ దేశంలో ప్రేగ్ నగరానికి ఆగ్నేయంగా వెదకండి. బ్ర్నో కనిపిస్తుంది.