కంప్యూటరులో అజ్ఞాతవాసం: దాగేది ఎంత, దాగనిది ఎంత?

బిలాస్‌పూర్ స్టేషనులో రైలు దిగిన తెలుగువానికి పరాయి ఊరికి వచ్చినామన్న భావన ఎక్కువసేపు నిలువదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి కొలువుల కొరకు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు అనేకం. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోనుకు ఈ పట్టణమే ప్రధాన కార్యస్థానమైనది. తండ్రులు రైల్వేను నమ్ముకొని బ్రతుకగా, కుమారులలో కొందరు చుట్టుపక్కల వరి పండించే గ్రామాలలో ఎరువుల దుకాణాలు పెట్టుకొన్నారు. అటువంటి డీలరు ఒకరు మా శాఖకు పాత ఖాతాదారు. ఒక ఖరీఫ్ ఆరంభంలో వారికి కలిగిన అనుభవమే ఈ వ్యాసానికి కారణం. పేరు చెప్పకుండా వ్రాయుటకు వారు సంతోషంగా అంగీకరించారు.

వారికి మా వద్ద క్యాష్ క్రెడిట్ ఖాతా ఉన్నది. సొంత కంప్యూటరు పాడైనందున, ఖాతా స్టేట్‌మెంటు కొరకు ఒకనాడు పట్టణంలోని నెట్ సెంటరుకు వెళ్లారు. "అజ్ఞాత మోడులో తెరిస్తే ఎవరికీ ఏమీ తెలియదు మామయ్యా" అని మేనల్లుడు చెప్పిన మాట ప్రకారం ఆ కిటికీ తెరిచి, నెట్ బ్యాంకింగులోనికి ప్రవేశించి, స్టేట్‌మెంటు దింపుకొని, అచ్చు తీయించుకొని, కిటికీ మూసివేసి వచ్చారు.

వారం తిరుగక ముందే ఒక రైతు దుకాణానికి వచ్చి, "సేఠ్‌జీ, మీ బ్యాంకు లిమిటు నిండిపోయిందట కదా, మాకు డీఏపీ వస్తుందా రాదా?" అని అడిగాడు. మరునాటికి, బయానా ఇచ్చిన నలుగురు రైతులు తమ సొమ్ము తిరిగి ఇమ్మని కూర్చున్నారు. సీజనుకు ముందు సరుకు నింపుకొన్న డీలరుకు లిమిటు నిండుట సహజమే. అయినా ఆ మాట ఊరిలో వేరే అర్థంతో తిరిగింది. ఖాతాలో ఒక్క రూపాయి పోలేదు. పోయినది పరపతి. మన భాషలో అప్పునకూ, పేరు ప్రతిష్ఠలకూ ఈ ఒక్క మాటే వాడుతాము.

"ఆఫీసరు గారూ, అజ్ఞాతంలోనే చూశాను గదండీ, ఎట్లా బయటపడింది?" అని వారు నన్ను అడిగారు. ఇద్దరం కలిసి ఆ సెంటరుకు వెళ్లి, అదే కంప్యూటరు ముందు కూర్చున్నాము. డౌన్‌లోడుల ఫోల్డరు తెరువగానే, ఇతరుల దరఖాస్తుల నడుమ వారి స్టేట్‌మెంటు భద్రంగా కనిపించింది. దానికి తాళపు మాట కూడా లేదు. తరువాత కూర్చున్నవారెవరో తెరిచి చదివి ఉండవలెను.

ఈ కిటికీ చేసే పని ఏమిటి?

మనం బ్రౌజరు ద్వారా ఏదైనా వెబ్‌సైటు చూసినపుడు ఆ కంప్యూటరులో కొన్ని గుర్తులు మిగులుతాయి. చూసిన వెబ్‌సైట్ల జాబితా, మనలను మరల గుర్తుపట్టుటకు వెబ్‌సైటు ఉంచే 'కుకీ' అనే చిన్న చీటీ, ఫారములలో నింపిన వివరాలు అట్టివి. అజ్ఞాత కిటికీలో ఈ గుర్తులు తాత్కాలికంగా మాత్రమే ఉంటాయి. చివరి అజ్ఞాత కిటికీ మూసినపుడు అవి తుడిచివేయబడతాయి. ఆపిల్ వారి సఫారీలో ఇది 2005లో వచ్చినది. గూగుల్ వారి క్రోమ్‌లో 2008 నుండి ఉన్నది. క్రోమ్‌లోను, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లోను కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మీటలు కలిపి నొక్కిన ఈ కిటికీ తెరుచుకొంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్‌కు బదులు పి నొక్కవలెను.

ఇది ఉపయోగకరమైనదే. మన తరువాత అదే కుర్చీలో కూర్చునే వ్యక్తికి మనం ఏ వెబ్‌సైట్లు చూసినామో కనిపించదు. అయితే దింపుకొన్న ఫైలును ఈ కిటికీ తుడువదు. అది మనం స్వయంగా దాచుకొన్న వస్తువు అని భావించి, ఉన్నచోటనే వదిలివేస్తుంది. మన డీలరు మిత్రుని విషయంలో జరిగినది ఇదే.

మరొక సంగతి. అజ్ఞాత కిటికీలన్నీ ఒకే సంచిని పంచుకొంటాయి. మూయకుండా అడుగుకు దించి లేచిపోయిన పక్షంలో, తరువాతి వ్యక్తి కొత్త అజ్ఞాత కిటికీ తెరిచినా మీ మెయిలు తెరిచియున్నట్లే అతనికి దొరుకవచ్చును.

చింపిన టిక్కెట్టు

రైల్వే కుటుంబంలో పుట్టిన ఆ మిత్రునికి నేను ఈ విధంగా చెప్పాను. "మీరు రిజర్వేషనుతో బిలాస్‌పూర్ నుండి విజయనగరం వెళ్లి, దిగగానే టిక్కెట్టు చింపివేశారనుకొందాం. మీ జేబు వెతికినవారికి ప్రయాణం సంగతి తెలియదు. కాని రిజర్వేషను చార్టులో మీ పేరు అలాగే ఉంటుంది. టీటీఈ మిమ్ము చూసే ఉంటాడు. మీరు చింపినది మీ చేతిలోని కాగితాన్ని మాత్రమే."

అజ్ఞాత కిటికీ సంగతి అంతే. మీ కంప్యూటరు ఏ చిరునామా నుండి వచ్చినదో వెబ్‌సైటుకు తెలుస్తుంది. ఏయే వెబ్‌సైట్లకు వెళ్లినదీ ఇంటర్నెట్టు అందించే కంపెనీ చూడగలదు. కార్యాలయంలోనైతే అక్కడి నెట్‌వర్కు అధికారి కూడా చూడగలడు. ఇక పేరు, తాళపు మాట ఇచ్చి లోనికి ప్రవేశించిన తరువాత అజ్ఞాతం ఎక్కడిది? విరాటుని కొలువులో పాండవులు పేర్లు మార్చుకొన్నారు, వేషాలు మార్చుకొన్నారు. కీచకుడు చచ్చినాడన్న వార్తతో కౌరవ సభకు అనుమానం కలుగనే కలిగింది. చేసిన పనియే మనిషిని పట్టి ఇస్తుంది.

పెద్ద దేశాలలోనూ ఈ భ్రమ ఉన్నది. అజ్ఞాత మోడులో ఉన్నపుడు కూడా తమ వివరాలు సేకరించారని 2020 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు గూగుల్ సంస్థపై దావా వేశారు. 2024 ఏప్రిల్‌లో వెల్లడైన రాజీ షరతుల ప్రకారం వందల కోట్ల సంఖ్యలోని రికార్డులను తొలగించుటకు, ఆ మోడులో ఏమి సేకరింపబడునో మరింత స్పష్టంగా తెలుపుటకు సంస్థ ఒప్పుకొన్నది.

నెట్ సెంటరులో మరికొన్ని కన్నులు

మన దేశంలో 2011లో వచ్చిన సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం, వచ్చినవారి గుర్తింపు వివరాలను, కంప్యూటరులో చూసిన వెబ్‌సైట్ల చరిత్రను కనీసం ఒక సంవత్సరం భద్రపరచవలెను. అడ్డుతెరలు లేనిచోట కంప్యూటరు తెరలు అందరికీ కనిపించే వైపునకు తిరిగి ఉండవలెనని కూడా ఆ నిబంధనలు చెబుతున్నవి. నేరాల నివారణకు ఇవి అవసరమే. కాని అట్టి చోట కిటికీకి అజ్ఞాతమని పేరు పెట్టినంత మాత్రాన వెనుక నిలబడినవాని కన్నులు మూతపడవు.

అంతకంటె ప్రమాదకరమైనది మరొకటి ఉన్నది. మనం నొక్కే ప్రతి మీటను రహస్యంగా వ్రాసుకొనే దొంగ ప్రోగ్రాము ఆ కంప్యూటరులో ఉన్నచో, అజ్ఞాత కిటికీ దానిని ఆపలేదు. నకిలీ బ్యాంకు వెబ్‌సైటును కూడా అది గుర్తుపట్టలేదు.

ఖాతాదారులకు సూచనలు

1. బ్యాంకు లావాదేవీలను సొంత ఫోనులో గాని, సొంత కంప్యూటరులో గాని జరుపుకొనుట ఉత్తమం. స్టేట్‌మెంటు అత్యవసరమైనచో శాఖకు రండి.

2. తప్పనిసరియై బయటి కంప్యూటరు వాడినపుడు అజ్ఞాత కిటికీ తెరువండి. పని కాగానే మొదట 'లాగౌట్' చేసి, తరువాత అజ్ఞాత కిటికీలన్నీ మూయండి.

3. దింపిన ఫైలును డౌన్‌లోడుల ఫోల్డరు నుండి, పిమ్మట రీసైకిల్ బిన్ నుండి కూడా తొలగించండి. అచ్చు కొరకు దుకాణదారునికి మెయిలులోనో, వాట్సాప్‌లోనో పంపినచో ఆ ప్రతి అక్కడ కూడా మిగులునని మరువకండి.

4. ఇంటికి వచ్చిన వెంటనే సొంత ఫోను నుండి తాళపు మాట మార్చుకొనండి. ఓటీపీని ఎవరికీ చెప్పకండి.

5. చిరునామా పరిశీలించండి. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు బ్యాంకులు 2025 అక్టోబరు 31 లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారవలసి ఉండెను. ఆ తోక లేని చిరునామాను అనుమానించండి.

6. మోసం జరిగినదని తోచిన క్షణమే బ్యాంకుకు, 1930 నంబరుకు తెలియజేయండి. ఆలస్యమైన కొలది సొమ్మును ఆపు అవకాశం తగ్గుతుంది.

మా డీలరు మిత్రుని కథ మంచిగానే ముగిసినది. నేను నిల్వల తనిఖీకి వెళ్లిన రోజున వారు ఆ నలుగురు రైతులనూ గోదాముకు పిలిచారు. పైకప్పు వరకు పేర్చిన బస్తాలను కన్నులారా చూసిన తరువాతనే రైతుల మనసు కుదుటపడింది. ముగ్గురు బయానా అట్లే ఉంచారు. నాలుగవవాడు మాత్రం తన సొమ్ము తీసుకొని వెళ్లిపోయాడు. అతనిని తప్పు పట్టలేము.

వారు ఇప్పుడు కూడా అవసరమైనపుడు అజ్ఞాత కిటికీ వాడుతున్నారు. అయితే లేచే ముందు డౌన్‌లోడుల ఫోల్డరు ఒకసారి తెరిచి చూసుకొంటారు. "చార్టు చూడకుండా రైలు దిగను ఆఫీసరు గారూ" అన్నారు మొన్న నవ్వుతూ.