6.4 పుట్టుమచ్చల పరిశీలన: చర్మ క్యాన్సర్‌ను తొలిదశలో గుర్తించడం

మీ పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూడండి. గుర్తింపు చిహ్నాల దగ్గర పుట్టుమచ్చల వివరం ఉండవచ్చు. పుట్టుమచ్చ మారదన్న నమ్మకంతోనే దానిని గుర్తుగా రాస్తారు. ఆ నమ్మకం చాలావరకు నిజమే. కాబట్టే పెద్దవయసులో ఒక మచ్చ మారడం మొదలైతే దానిని పట్టించుకోవాలి.

6.4.1 మెలనోమా అంటే ఏమిటి?

చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను మెలనోసైట్లు అనే కణాలు తయారుచేస్తాయి. ఇవి ఒకచోట గుంపుగా చేరితే పుట్టుమచ్చ ఏర్పడుతుంది. దాదాపు అన్ని పుట్టుమచ్చలూ హానిలేనివే. ఈ కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చే క్యాన్సర్‌ను మెలనోమా అంటారు. ఇది పాత పుట్టుమచ్చలోనే రావాలని లేదు. మామూలు చర్మంపై కొత్త మచ్చగానూ మొదలవుతుంది.

6.4.2 గమనించవలసిన లక్షణాలు

1. మచ్చ రెండు సగాలు ఒకేలా లేకపోవడం
2. అంచులు వంకరటింకరగా ఉండటం
3. ఒకే మచ్చలో పలు రంగులు కనిపించడం
4. వ్యాసం 6 మి.మీ. మించడం
5. పరిమాణం, ఆకారం, రంగు మారడం, దురద, రక్తస్రావం

మొదటి నాలుగింటిని 1985లో న్యూయార్క్ వైద్యులు సూచించారు. ఐదవదైన 'మార్పు' 2004లో చేరింది.

6.4.3 ముదురు రంగు చర్మంలో మెలనోమా

తెల్లని చర్మం గలవారిలో మెలనోమాకు ఎండ ముఖ్య కారణం. మనవంటి ముదురు రంగు చర్మంలో ఈ వ్యాధి అరుదు. కాని వచ్చినప్పుడు ఎక్కువగా ఎండ తగలని అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వస్తుంది. గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద మెలనోమా బయటపడింది. 1981లో, 36 ఏళ్లకే ఆయన మరణించారు. మన ఊళ్లలో అరికాలి నల్లమచ్చను ముల్లు గుచ్చుకున్న గుర్తు అనో, ఆనెకాయ అనో సరిపెట్టుకునే ప్రమాదం ఉంది. గోళ్లపై సన్నని నల్లగీతలు చాలామందికి సహజంగానే ఉంటాయి. అయితే ఒకే గోటిపై కొత్తగా వచ్చి వెడల్పవుతున్న గీతను వైద్యునికి చూపించాలి.

6.4.4 పరీక్షించే విధానం

నెలకొకసారి మంచి వెలుతురులో ఒళ్లంతా చూసుకోండి. వీపును, అరికాళ్లను ఇంట్లోవారిచేత చూపించుకోండి. అనుమానం ఉంటే చర్మవ్యాధుల నిపుణుని కలవండి. ఆయన డెర్మోస్కోప్‌తో మచ్చను పెద్దదిగా చేసి చూస్తారు. అవసరమైతే ఆ భాగానికి మత్తు ఇచ్చి, మచ్చను తొలగించి బయాప్సీకి పంపుతారు. 'కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది' అన్న భయం సరికాదు. మెలనోమా చర్మంలోకి ఎంత లోతుగా దిగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఆ లోతు 1 మి.మీ. లోపు ఉంటే చాలామందికి శస్త్రచికిత్సతోనే నయమవుతుంది. ఆలస్యమైతే వ్యాధి లింఫ్ గ్రంథులకు, ఇతర అవయవాలకు పాకవచ్చు. మచ్చను సున్నంతోగాని, యాసిడ్‌తోగాని కాల్చకండి. అలా చేస్తే పైభాగం పోయి, వ్యాధి లోపల మిగలవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ముదురు రంగు చర్మం గలవారు ఏయే భాగాలను ప్రత్యేకంగా పరిశీలించాలి? ఎందుకు?
2. మీ ఇంట్లో పెద్దవారి అరికాళ్లు, గోళ్లు పరిశీలించి, చూసినది తేదీతో రాసుకోండి. వచ్చే నెల మళ్లీ పోల్చి చూడండి.