రాగిరేకులు ఎవరి సొత్తు?
రేకులు దేవుడివి, మాటలు అందరివీ. మరి బాణీలో?

వైశాలి: తెలుగు నేర్చుకునే దొరల కోసం కంపెనీ ఉద్యోగి ఎ.డి. క్యాంప్‌బెల్ రాసిన వ్యాకరణం 1816లో మద్రాసులో అచ్చయింది. ఆ పుస్తకం ముందుమాటలో ఆయన ఒక నిరాశ చెప్పుకున్నాడు. తిరుపతిలో వేల రాగిరేకుల మీద తెలుగు గ్రంథాలు చెక్కి భద్రపరిచారని విని, పాత రచనలేవైనా బయటపడతాయన్న ఆశతో ఒక పండితుడి చేత వాటిని పరిశీలింపజేశాడు. ఒక వ్యాకరణ గ్రంథం తప్ప తక్కినవన్నీ దేవుడి మీద స్తోత్రాలేనని తేలింది. స్తోత్రాలతో ఆయనకు పనిలేదు. వ్యవహారం అక్కడితో ఆగింది.

ఆయనకు పనికిరాని ఆ స్తోత్రాలే తాళ్లపాక అన్నమాచార్యులు, ఆయన కొడుకు పెదతిరుమలాచార్యులు, మనవడు చినతిరుమలాచార్యుల సంకీర్తనలు. ఆయన పండితుడు చూసిన 'వ్యాకరణం' బహుశా చినతిరుమలాచార్యుడి సంకీర్తన లక్షణం అయివుంటుంది. పాట ఎలా కట్టాలో చెప్పే శాస్త్రమది. దొర వెతికిన వ్యాకరణానికీ దానికీ పొంతన లేదు.

ఈ రేకులు 1922లో 'బయటపడ్డాయి' అని ఏ వ్యాసం తిరగేసినా కనిపిస్తుంది. మూడు వందల ఏళ్లు చీకటి గదిలో మగ్గి హఠాత్తుగా దొరికాయన్నది వినడానికి బాగుంటుంది గానీ, వందేళ్ల ముందే మద్రాసు దాకా తెలిసిన వస్తువును కనుగొన్నారనడం కొంచెం అతిశయమే. తిరుమల ఆలయంలో వాటి కోసం కట్టిన అరకు సంకీర్తనా భండారం అని పేరే ఉంది. దాని ద్వారానికి అటూ ఇటూ తంబురాలు పట్టిన రెండు విగ్రహాలున్నాయి. అవి తండ్రీకొడుకులవని పండితులు గుర్తించారు. గది కనపడకుండా పోలేదు. లోపలున్నది చదవాలని ఎవరికీ తోచలేదు, అంతే. ఇరవయ్యో శతాబ్దంలో దేవస్థానం శాసన పరిశోధకుడు సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి, ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు పూనుకున్నాక గానీ అక్షరాలు కాగితం మీదికి రాలేదు.

పుట్టుక విషయంలో ఈ రేకులకు ఉన్నంత స్పష్టత మధ్యయుగాల నాటి గ్రంథాల్లో అరుదు. శక సంవత్సరం 1346 క్రోధిలో తిరువేంగళనాథుడు ప్రత్యక్షం కాగా మొదలుపెట్టి, శక 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకూ అన్నమాచార్యులు పాడినవి ఇవి అని తొలి రేకు మీదే చెక్కారు. ఇంగ్లీషు లెక్కలో 1424 నుంచి 1503 ఫిబ్రవరి దాకా. పాటల్ని అధ్యాత్మమనీ శృంగారమనీ విడదీశారు. రేకుకు సుమారు ఆరు పాటలు, ప్రతి పాట తల దగ్గర రాగం పేరు, రేకుకో వరస సంఖ్య. తాటాకు మీద గంటంతో రాసే కాలంలో వేల పాటల్ని రాగి మీద చెక్కించడానికి ఎంత డబ్బు కావాలో ఊహించవచ్చు. రాజుల నుంచి గ్రామాలు పొంది, వాటిని దేవుడికే సమర్పించిన పెదతిరుమలాచార్యులకు ఆ స్తోమత ఉంది. రేకులు చెక్కించింది ఆయనేనని పండితుల మాట.

హక్కు సంగతి మాత్రం అంత తేలిక కాదు. కొండ మీద పెత్తనం ఎన్నిసార్లు చేతులు మారిందో చూడండి. విజయనగర రాజుల తర్వాత నవాబులు, 1801 నుంచి ఈస్టిండియా కంపెనీ (క్యాంప్‌బెల్ పండితుడు చూసింది ఈ కాలంలోనే), 1843 నుంచి హథీరాంజీ మఠం మహంతులు, 1933 నుంచి దేవస్థానం కమిటీ. గది 'తెరిచిన' 1922లో అధికారం మహంతుది. ఇప్పుడు టీటీడీ నడుస్తున్నది 1987 నాటి దేవాదాయ చట్టం కింద. ఇందరు మారినా వీరిలో ఎవరూ యజమానులు కారు. మన చట్టం దృష్టిలో దేవుడు ఆస్తి కలిగి ఉండగల వ్యక్తి. తక్కినవారంతా ఆయన తరఫు నిర్వాహకులు.

ఈ సూత్రం పరాయి గడ్డ మీద కూడా ఒకసారి నెగ్గింది. తమిళనాడులోని పత్తూరులో 1976లో భూమిలోంచి బయటపడిన నటరాజ విగ్రహం చేతులు మారి లండన్ చేరింది. ఒక కెనడా కంపెనీ దాన్ని కొన్నది. శిథిలమైన ఆ గుడే హక్కుదారుగా దావాలో నిలబడగలదని 1988లో అక్కడి హైకోర్టు, 1991లో అప్పీలు కోర్టు ఒప్పుకున్నాయి. విగ్రహం తిరిగొచ్చింది.

విగ్రహం సరే, పుస్తకం మాటేమిటి? ఇటలీలోని బెనెవెంతో నగరానిది ఇలాంటి కథే. అక్కడి కేథడ్రల్‌కు పన్నెండో శతాబ్దపు లాటిన్ పూజా గ్రంథం ఒకటి ఉండేది. క్రైస్తవ ఆరాధనలో ఏ రోజు ఏ ప్రార్థన చదవాలో చెప్పే ఇలాంటి పుస్తకాన్ని మిస్సల్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో బాంబు దాడులు ఆ ఊరిని ధ్వంసం చేశాయి. 1944 ఏప్రిల్‌లో నేపుల్స్‌లోని పాత పుస్తకాల దుకాణంలో ఆ మిస్సల్‌ను ఒక బ్రిటిష్ కెప్టెన్ కొన్నాడు. 1947లో అది లండన్ వేలం ద్వారా బ్రిటిష్ మ్యూజియం చేరింది, తర్వాత బ్రిటిష్ లైబ్రరీకి వెళ్లింది. కేథడ్రల్ తిరిగి అడిగితే, ఇద్దామన్నా చట్టం ఒప్పుకోని పరిస్థితి. జాతీయ సేకరణలోని వస్తువును వదులుకునే అధికారం లైబ్రరీకి లేదు. 2009లో నాజీల కాలంలో పోయిన వస్తువుల కోసం పార్లమెంటు ప్రత్యేక చట్టం చేశాక, 2010లో సలహా సంఘం సిఫారసు చేస్తే గానీ దానికి దారి దొరకలేదు.

దావా నిలబడటానికి ఆధారమేమిటన్నదే ఇక్కడ గమనించాల్సింది. ఆ పుస్తకం కేథడ్రల్ గ్రంథాలయంలో ఫలానా సంఖ్య కింద ఉండేదని యుద్ధానికి ముందే నమోదై ఉంది. ఆ చిన్న నంబరు లేకుంటే ఏ నైతిక వాదనా లండన్‌లో నిలిచేది కాదు.

పోయినవాటి లెక్క

అన్నమాచార్యులు 32 వేల సంకీర్తనలు పాడాడని ఆయన మనవడు చిన్నన్న రాసిన జీవిత చరిత్ర చెబుతుంది. వేటూరివారు 1949లో వెలువరించిన పుస్తకమది. మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. 32 వేలన్నది భక్తితో చెప్పిన అంకె అనుకున్నా, వరస సంఖ్యల్లో తెగిన చోట్లు అబద్ధం చెప్పవు. రేకులు పోయాయి. ఎప్పుడు, ఎలా అన్నదానికి చిట్టా లేదు. రాగికి పాతసామాన్ల కొట్టులోనూ ధర పలుకుతుంది. కరిగితే అడిగేవాడు లేడు. రేపెక్కడైనా ఒక తాళ్లపాక రేకు అమ్మకానికి వస్తే దాని మీది సంఖ్య, లిపి, రేకు కొలత తప్ప సాక్ష్యాలు లేవు. ఉన్న రేకుల ఫొటోలు, కొలతలు, సంఖ్యలు ఎవరైనా పోల్చి చూసుకునేలా అందుబాటులో ఉంటేనే ఆ సాక్ష్యమైనా పనికొస్తుంది.

చట్టం కొంత తోడుంటుంది. 75 ఏళ్లు దాటిన, సాహిత్య విలువున్న చేతిరాత ప్రతి ఏదైనా 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. 2003లో ఢిల్లీలో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ తాటాకు, బెరడు, గుడ్డ, కాగితంతో పాటు లోహాన్నీ తన నిర్వచనంలో చేర్చింది. 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన జ్ఞాన భారతం మిషన్ లక్ష్యం కోటికి పైగా రాతప్రతుల్ని నమోదు చేయడం. కోటిలో రెండు వేల పైచిలుకు రేకులు పెద్ద సంఖ్య కావు. అయినా తెలుగువాడికి అంతకంటే పెద్ద గ్రంథాలయం మరొకటి ఏముంది?

ఇక పాట. రేకు దేవుడిదైతే మాట ఎవరిది? కాపీరైటు రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు. 1503లో పోయిన కవి మాటలు ఎప్పుడో అందరి సొత్తయ్యాయి. కానీ పాటంటే మాట ఒక్కటే కాదు గదా. రేకుల మీద రాగం పేరుంది, స్వరాలు దాదాపు ఎక్కడా లేవు. అన్నమయ్య గొంతులో ఆ పాట ఎలా సాగిందో ఎవరికీ తెలియదు. ఈ వైశాలి అపార్టుమెంట్లలో తెలుగు పిల్లలు శనివారం సాయంత్రాలు నేర్చుకునే 'అన్నమయ్య కీర్తన' చాలావరకూ ఇరవయ్యో శతాబ్దపు బాణీ. రాళ్లపల్లి, నేదునూరి కృష్ణమూర్తి, 1978లో మొదలైన అన్నమాచార్య ప్రాజెక్టులో ఆరు వందలకు పైగా కీర్తనలకు బాణీలు కట్టిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారి సృష్టి. రాళ్లపల్లి 1979లో కాలం చేశారు. చట్టం లెక్కన ఆయన స్వరరచన మీద హక్కు 2039 చివరి దాకా ఉంటుంది. నేదునూరి 2014లో, గరిమెళ్ల 2025 మార్చిలో వెళ్లిపోయారు. వారి బాణీల గడువు ఇంకా దూరం. ఉద్యోగంలో భాగంగా కట్టినవైతే హక్కు సంస్థది కావచ్చు, ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. సంగీతం మాస్టార్లకు ఇదంతా కొత్త. రాగం పేరుతో పాటు బాణీ కట్టినవారి పేరు కూడా చెప్పి పాడించే అలవాటు ఇప్పటికీ తక్కువే.

చట్టానికి పట్టని హక్కు ఇంకొకటుంది. తిరుమలలో తెల్లవారుజామున సుప్రభాతం వేళ, రాత్రి ఏకాంత సేవలో జోలపాటకు తాళ్లపాక వంశీకుడు స్వామి ముందు నిలబడి పాడే ఆచారం నేటికీ నడుస్తోంది. ఆ పూట వారి పేరున హారతి కూడా ఉంది. గది మూసి ఉన్న శతాబ్దాల్లోనూ ఆ కుటుంబానికీ గర్భగుడికీ మధ్య ఈ సంబంధం తెగలేదంటారు. రేకుల తాళం మాత్రం వారి చేతిలో లేదు.